నడిమి గాటు

"గాలి" అన్నాడు ఎవారిస్తో, హెల్మెట్ తియ్యకముందే.

మా ఊళ్లో ఏ నేరానికైనా మొదటి ముద్దాయి గాలే.
లేచిపోయిన రేకులకీ, చిరిగిన దుప్పట్లకీ,
నిద్రపట్టని గుర్రాలకీ.
పాటగోనియా మొత్తం వెతికినా
దాని తరఫున ఒక్క వకీలు దొరకడు.

బండి చుట్టూ ఒకసారి తిరిగాను.
పక్కన రెండు పెట్టెలు, వెనక పెద్దది, దాని మీద గుడారం,
గుడారం మీద గొర్రెతోలు.
తోక మీద కూచున్న జంతువులా ఉంది.

"ఎప్పుడొస్తుంది వణుకు?"
"ఎనభైలో. పెంచేటప్పుడు కాదు, తగ్గించేటప్పుడు.
ముందు మాతే గిన్నెలో గొట్టం కదిలినట్టు.
ఆ తర్వాత హ్యాండిలు అడ్డంగా తలూపుతుంది,
వద్దు వద్దు వద్దని."
"చేతులు వదిలి చూశావా?"

నడి సంతలో చొక్కా విప్పమన్నట్టు చూశాడు నన్ను.
నలభై ఏళ్లు ఉన్ని లారీ తోలినవాడు.
వదలడం అతని ఒంట్లో లేదు.

సరే. బండి అబద్ధమాడదు గాని
అడిగినదానికే జవాబు చెబుతుంది.
ముందు టైరులో ఆరు పౌన్లు తక్కువ. నింపాను.
టైరు మీద అరచేయి ఇటు రాస్తే పిల్లి వీపు,
అటు రాస్తే రంపం.
గుర్తు పెట్టుకున్నాను, తీర్పు చెప్పలేదు.
స్పోకుల్ని స్పానరుతో తట్టుకుంటూ పోయాను,
ఒక్కటే మూగది. బిగిస్తే అదీ పలికింది.
తిరిగే రిమ్ముకి సుద్దముక్క ఆనీ ఆనకుండా పట్టాను:
ఎక్కడా గీత పడలేదు.

"ఫెర్మిన్, వచ్చి వెనక పెట్టె మీద కూచో"
అన్నాను మా మేనల్లుడితో.
ముందు చక్రం నేల వదిలింది.

ఫోర్కు కాళ్లు రెండూ పట్టుకుని లాగాను, తోశాను.
చప్పుడు లేదు.
చప్పుడుకి ముందుండేది ఒకటుంటుంది,
అది మోచేతికి తెలుస్తుంది.
అప్పుడు ఒక్క వేలితో హ్యాండిలుని
ఎడమ నుంచి కుడికి పోనిచ్చాను.
పోతోంది, వెన్నలా పోతోంది,
సరిగ్గా నడిమధ్యకొచ్చి

ఆగింది,
ఇంటి గుమ్మం గుర్తుపట్టిన గాడిదలా.

"నువ్వూ చూడు" అన్నాను.
అతను వేలు పెట్టి మూడుసార్లు తిప్పాడు.
మళ్లీ గాలి ఊసెత్తలేదు.

బేరింగు కోమొదోరో నుంచి బస్సులో రావాలి. మూడు రోజులు.
ఆ మూడు రోజులూ షెడ్డులోనే పడుకున్నాడు,
నా తలుపు కీళ్లకి నూనె వేశాడు,
సామానంతా దింపి బరువైనవి ముందుకీ, కిందికీ సర్దాడు.
పెద్ద పెట్టె అడుగు నుంచి తీశాడొక లారీ స్టీరింగు చక్రం,
తోలు చుట్టినది, పదీ రెండూ దగ్గర నల్లగా నిగనిగలాడేది.
ఎందుకని నేనడగలేదు. తూచాను:
నాలుగు కిలోలు.

నాలుగో రోజు పాత బేరింగు గిన్నెని సుత్తితో దింపాను.
కంటికి ఏమీ లేదు, గోటికి ఉంది.
సన్నటి గాట్లు, వరసగా,
ఒక్కో రోలరుకి ఒక్కోటి.
"నేనే గోతిలోనూ పడెయ్యలేదే!"
లేదు ఎవారిస్తో. నువ్వు తిప్పలేదు, అంతే.
మా రోడ్లకి పూటకొక్క వంపు.
రోలర్లు కూచున్నచోటే కూచుని
అరవై వేల కిలోమీటర్లు ఆ చోటునే దంచాయి.
తిన్నగా పోయేవాడికే పడుతుంది ఈ గాటు.

కొత్తదానికి గ్రీజు దట్టంగా కూరాను.
నట్టు దగ్గరే నా జుట్టు నెరిసింది అసలు:
బిగువెక్కువైతే బండి తాగినవాడిలా దారి వెతుక్కుంటుంది,
తక్కువైతే మళ్లీ వణుకు.
వదిలేస్తే హ్యాండిలు తన బరువుకే పక్కకి వాలాలి,
నిద్రలోకి జారే పిల్ల తలలాగ.
వాలింది.

పెట్రోలు బంకు దాటి వెళ్లి తిరిగొస్తుంటే చూశాను.
ఇంజను గొంతు తగ్గుతోంది, ఎనభై, డెబ్బై అయిదు,
వేళ్లు విప్పాడు. పూర్తిగా కాదు.
హ్యాండిలుకీ అరచేతికీ మధ్య
ఒక కవరు దూరేంత సందు.

డబ్బులిచ్చాడు. లారీ చక్రాన్ని మాత్రం వదల్లేదు,
ట్యాంకు మీద, తన ముందు, తాడేసి కట్టుకుని
దక్షిణానికి పోయాడు.