ఒకరోజు టికెట్టు

రిటైరైన నాలుగో నెలలో
కాంప్లెక్సు దగ్గర కౌంటర్లోకి చెయ్యి పెట్టి
మా ఊరు చూడ్డానికి టికెట్టు కొన్నాను.
ఏ ఊరు సార్ మీది, అనడిగాడు.
బోధన్ అన్నాను. ఎందుకన్నానో తెలీదు.
పన్నెండో నంబరు సీటు, కిటికీ పక్క,
అద్దం సగమే దిగుతుంది.

గైడు పిల్ల పేరు సూరాడ ఎల్లమాంబ.
మెడలో కార్డు, చేతిలో కాగితం.
మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయి
అక్కడక్కడా ఓ శతాబ్దం ఎగిరిపోతోంది.
మైకులో ఆమెది పుస్తకాల తెలుగు,
"ప్రియమైన పర్యాటకులారా, మీ ఎడమవైపున..."
మైకు ఆపి డ్రైవరుతో మాత్రం
"బేగి పోనీ బావా, ఎండెక్కిపోతంది."

సింహాచలంలో
ఏడాది పొడుగునా చందనమే,
ఒక్కరోజే నిజరూపం, అని చెప్పింది.
కప్పస్తంభాన్ని కౌగిలించుకోడానికి వరసలో నిలబడ్డాను.
నా వంతు వచ్చేసరికి
ఏం కోరుకోవాలో తోచక
వెనకాయనకి చోటిచ్చాను.

కైలాసగిరి మీద పెద్ద శివుడి ముందు
ఇంటిల్లిపాదినీ ఒకే ఫోటోలో పట్టాలని
ఒకాయన వెనక్కి వెనక్కి నడుస్తుంటే
ఎల్లమాంబ చేతులు బారచాపి అడ్డం నిలబడింది,
"ఇంకో అడుగేస్తే లాసన్స్ బేలో తేల్తారు సార్!"
ఆ మాట కాగితంలో లేదు.
పొద్దుట్నుంచీ అందరూ నవ్విందీ ఆ ఒక్క మాటకే.

జలాంతర్గామి కడుపులో
తలలు వంచుకుని ఒకరి వెనక ఒకరం.
దీనిది ఇరవయ్యేళ్ల సర్వీసు అంది.
ముప్ఫై దాటింది తల్లీ, అనబోయి
నాలిక పళ్లకింద నొక్కిపెట్టాను.
పోర్టు గేటు దగ్గర ముప్ఫై రెండేళ్లు కూర్చుని
రెండు నిమిషాలు ఆలస్యమైన ప్రతివాడి పేరూ
ఎర్రసిరాతో రాసినవాణ్ణి.
తప్పు కనిపిస్తే వేళ్లు దురద పెడతాయి నాకు.
కానీ ఇవాళ నాది బోధన్.
బోధన్‌లో సముద్రం ఉండదు.
అందుకని ఆ ఇరుకు ఇనప మంచాలు చూసి
పక్కసీటు పిల్లాడితోపాటు అబ్బా అన్నాను.
అన్నాక
నిజంగానే అబ్బా అనిపించింది.
సిటీ బస్సులోంచి ఇన్నాళ్లూ
దాని వీపే చూశాను.

భోజనం టికెట్లోనే. పెరుగు అయిపోయిందన్నారు.

పాతూరిలోకి బస్సు పోదు,
సందులు పట్టవు.
రేవు ముఖం దగ్గర ఆపి
అదిగో మూడు కొండలు,
ఒకదానిమీద గుడి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద చర్చి,
అంటూ మూడు వేళ్లెత్తి చూపించింది.
ఆ వేళ్ల సందుల్లోంచి నాకు
మా అమ్మ చింతపండు బేరమాడిన కురుపాం మార్కెట్టు,
సైకిలు నేర్చుకుంటూ నేను పడ్డ కాలవ,
ఎవరి డాబామీదో ఎండుతున్న నెత్తళ్లు.

"అక్కా, ఆ కొండల వెనక ఏముంది?"
పిల్లాడు వదల్లేదు.
కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.
"అటేటీ నేదు బాబూ," అంది,
మైకు ఆపడం మరిచిపోయి.

అప్పుడే కాలవలోకి తిరుగుతూ
ఓ ఓడ కూతేసింది.
ఫోన్లన్నీ ఒక్కసారి లేచాయి.

దిగేటప్పుడు కాగితాలు పంచింది:
పేరు, ఊరు, యాత్ర ఎలా ఉంది.
నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.
"మీది ఈ ఊరే కదా బాబూ?
ఓడ కూతేత్తే అందరూ ఓడని సూసినారు.
మీరు గడియారం సూసుకున్నారు."

దొరికిపోయినవాడు ఏం మాట్లాడతాడు.

"ఎన్ని తప్పులు సెప్పినానేటి?"
పదకొండు. వేళ్లమీదే ఉన్నాయి.
"ఒక్కటే," అన్నాను.
"ఆ కొండల వెనక ఏమీ లేదన్నావు."
అటు తిరిగి చూసింది.
చీకటి పడుతూ అక్కడ దీపాలు ఒక్కొక్కటే.
"మా ఇల్లుంది," అంది.
"లిస్టులో నేదండి."

జేబులో ఎర్రసిరా లేదు.
ఆమె పెన్నే అడిగి తీసుకుని
ఊరు అన్న గడిలో బోధన్ కొట్టేశాను.
విశాఖపట్నమా, వైజాగా, వాల్తేరా,
మా నాయనమ్మ అన్నట్టు ఉత్త పట్నమా,
ఏది రాయాలో తెలీక
పెన్ను పట్టుకుని అలాగే నిలబడితే

"ఎనకాల ఇంకా ఐదుగురున్నారు,
బేగి రాయండి బాబూ."