నాటా, హైబ్రిడ్డా

గోతం విప్పి రెండు కర్రలు చాప మీద పెట్టినాడు దస్తగిరి.
బెంగుళూరులో ఇరవై రెండేళ్ళు
ఎవరెవరి గోల్ఫు సంచులో మోసి మోసి
కుడి భుజం ఒక అంగుళం కిందికి దిగిన మనిషి.
"రెండిట్లో ఒకటే తీసుకో అక్కా.
రెండూ కొనేదానికి నువ్వేమన్నా క్వారీ ఓనరువా?"

ఒకటి ఫెయిర్‌వే వుడ్డు.
పేరుకే కట్టె. తట్టి చూస్తే ఖంగుమంది.
తల బోలు, పిందె సొరకాయంత.
కాడ నా మోచేతిని దాటి పైకొచ్చింది.
రెండోది మోచేతి కాడే ఆగింది.
నొక్కిన తల, పొట్టి కాడ,
వుడ్డుకూ ఇనుప కర్రకూ పుట్టిన బిడ్డ.
"దీన్ని హైబ్రిడ్డంటారు."

ఆ మాట వింటానే నా మనసు వెనక్కి జరిగింది.
మా ఇంట్లో హైబ్రిడ్డంటే జొన్నలు.
నాటు పిండి చెప్పినట్ల సాగేది,
హైబ్రిడ్డు పిండి అంచులు పగిలేది.
"కడుపు నిండుతాది, నోరు నిండదు"
అని మాయమ్మ చేటను పక్కకు తోసేది.

గుంతకల్లులో గోల్ఫు యాడుంటాది?
రైల్వే గోడ వెనక, శెనక్కాయ పెరికిన బీడులో.
గరికె అక్కడక్కడ. మిగతాదంతా
గచ్చు మాదిరి ఎర్రనేల, పలుగురాళ్ళు.
దస్తగిరి రాళ్ళు ఏరి మంచమంత జాగా చేసినాడు.
ఆదివారం పొద్దున ఆరు గంటలకు
బుకింగ్ కౌంటర్లో ముప్పై ఏళ్ళు కూర్చున్న నడుముతో,
చీర కింద మా చిన్నోడి పాత బూట్లతో,
నేను.
ఈ వయసులో నీకెందుకే అని సుంకమ్మ అడిగింది.
ఏం చెప్పల్ల?
ఛార్జీ లేకుండా, చిల్లర లేకుండా
ఒక్కదాన్నన్నా దూరం పంపల్లనిపించింది.

"వుడ్డుతో కొట్టకూడదక్కా, ఊడ్చల్ల.
పరక పట్టి వాకిలి ఊడ్చినట్ల."
ఊడ్చేది నాకొకరు నేర్పల్లనా?
ఊడిస్తి.
గట్టినేల మీద దాని వెడల్పు అడుగు ఎగిరి
బంతి నెత్తిని గీరుకుంటా పోయింది.
బంతి తొండ మాదిరి పది గజాలు ఉరికి నిలబడింది.
మళ్ళా. తొండ.
మళ్ళా. తొండ కూడా కాదు, దుమ్ము.
మేకలు తోలుకొచ్చిన పిల్లోడు
గట్టిగా లెక్కపెడతాండాడు.
ఏడు. ఎనిమిది.

తొమ్మిదోది...
ఏం చేసినానో తెలీదు.
చేతికేమీ తగిలినట్ల లేదు.
చప్పుడు మాత్రం, ఎండు చింతకాయ విరిచినట్ల.
బంతి లేచి, ఇంకా లేచి,
కరెంటు తీగెల పైన ఒక గడియ నిలబడి
బళ్ళారి లైను అవతల యాడనో పడింది.
పిల్లోడు లెక్క మర్చిపోయినాడు.

"అదొక్కటి చూసి మోసపోవద్దు" అన్నాడు దస్తగిరి.
"ఆ ఒక్కదాని కోసం పెద్ద పెద్ద సార్లే
పదేళ్ళు పిచ్చోళ్ళ మాదిరి తిరిగినారు, నేను సంచి మోసినా.
ఇది పట్టు. పొట్టిది, నీ మాట వింటాది.
కలుపులో తొలిక దించినట్ల కొంచెం దించి కొట్టు."

దించితి.
పది కొడితే ఆరు లేచినాయి.
గరికెలోంచీ లేచినాయి, రాళ్ళ సందులోంచీ లేచినాయి.
పెద్ద ఎత్తేం కాదు, పెద్ద దూరమేం కాదు.
జీతం మాదిరి,
రావల్సినంత, రావల్సిన చోటికి.

హైబ్రిడ్డే ఇయ్యి అంటి.
రెండువేల మూడునూర్లు.
టికెట్టు కొట్టినంత తొందరగా లెక్కబెట్టి ఇచ్చినా,
మనసు మారుతుందేమోనని.

ఆ రేత్రి కావాలనే
అంగట్లో హైబ్రిడ్డు జొన్నపిండి తెచ్చి రొట్టె తడితి.
అంచు పగిలింది.
తడి వేలితో అదిమితి, అతుక్కుంది.
మాయమ్మ చెప్పినంత అన్యాయమేం కాదు.
సగం రొట్టె కాడ చెయ్యి ఆగింది.
ఫోను తీస్తి.

"దస్తగిరీ, ఆ పొడుగుదాన్ని ఎవరికన్నా అమ్మినావా?"
"యాడక్కా. గోతంలోనే ఉండాది."
"ఉండనీ. అమ్మొద్దు."

అవతల నవ్వినట్ల వినబడింది.
గూడ్సు బండి కూడా అయ్యుండొచ్చు.