ఇంటిదే

పర్లాకిమిడి. మూతబడ్డ ఫొటో స్టూడియో
చిట్టా పుస్తకం నా ముందు పెట్టింది సుభాసిని.
తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు.
"నీలిమందు, ఆరణాలు. జిగురు, అణాన్నర.
తెరకు రంగులేసినందుకు కూలి లేదు, ఇంటిదే."
అక్కడ ఆగాను.
"మళ్ళీ సదువు" అంది.

ఎన్ని జంటలు నిలబడ్డాయో
ఆ పాలరాతి మెట్ల ముందు, ఆ నెమలి పక్కన!
కింద మూలన సంతకం ముత్తాతది.

ఆ ఫొటోలన్నీ నూలుగుడ్డ మీద అచ్చేసింది.
పెళ్ళికొడుకుల మొహాలు తెల్లదారంతో పూడ్చేసింది,
నెమలి జోలికి పోలేదు.
సంతకం మీద మాత్రం
ఎర్రదారంతో, వెనక్కి వెనక్కి కుట్టుకుంటూ,
ఒడియా లిపిలో ఒక పేరు.

నాకు ఆ లిపి రాదు.
వేలితో తడిమాను.
"కొర్లమ్మ" అంది,
పళ్ళతో దారం తెంపుతూ.