మూత చప్పుడు

దీవెనా,
నిన్న రాత్రి మూడున్నరకి
గ్లవ్స్ పెట్టె అట్ట వెనక నువ్వు గీస్తున్న గీతలు చూశాను.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
మళ్ళీ నాలుగు నిలువు.
ఏంటవి అంటే సిగ్గుపడిపోయి
"ఏం లేదు సిస్టర్, చెత్తబుట్ట మూత" అన్నావు.

హల్ నగరం, పదకొండో వార్డు.
కిటికీ అవతల హంబర్ నది మీద పొగమంచు,
ఇవతల పన్నెండు మంచాలు, ఇద్దరం మనం,
కాలితో తొక్కితే లేచి
వదిలేస్తే ధడేలున పడే ఆ ఇనప మూత.
తెల్లారేలోగా నూట పద్నాలుగు సార్లు!
మూత పడ్డప్పుడల్లా నాలుగో మంచం హారల్డ్
ఓడ రేవు చేరిందనుకుని లేచి కూర్చుంటాడు,
లేని బూట్ల కోసం మంచం కింద తడుముతాడు.
నలభై ఏళ్ళు చేపల ఓడల్లో నిలబడ్డ కాళ్ళు
నేల ఊగడం లేదంటే నమ్మవు.
"రోగి అయోమయంలో లేచి పడిపోయారు"
అని రిజిస్టర్లో రాస్తాం.
అయోమయం ఎవరిదో రాయం.

మూతకి రబ్బరు అంటిస్తే
పడిపోవడాలు తగ్గుతాయా అన్నావు.
అని, ఆ అట్టముక్కని
అదే బుట్టలో పారేయబోయావు.

నేను పారేశాను. అందుకే చెబుతున్నా.
పంతొమ్మిదేళ్ళ కిందట, ఇదే ఆస్పత్రిలో
పుండు ఎప్పుడూ ఎడమ మడమకే ముందు పడేది.
లాకర్లన్నీ కుడిపక్కన.
నీళ్ళగ్లాసు అందుకోవాలంటే
ఎడమ కాలు పరుపుకి తన్నిపెట్టాల్సిందే.
నాకు తెలుసు. మారిసెల్‌కీ తెలుసు.
దుప్పట్ల గదిలో చెప్పుకున్నాం,
దుప్పట్లతో పాటు మడిచి అక్కడే పెట్టేశాం.
చూడ్డం మన పని, అడగడం పెద్దవాళ్ళ పని
అనుకునే రోజులు.
ఆ తర్వాత ఎన్ని మడమలు ఒరిసిపోయాయో
లెక్క లేదు.
లెక్కపెట్టలేదు గనక లేదు.

మూడో అంతస్తులో ఆయిలీన్ ఉంటుంది,
రీసెర్చ్ నర్సు, బల్ల మీద అల్లం బిస్కెట్ల డబ్బా.
రెండు బిస్కెట్లు తినేలోగా
నీ ప్రశ్నని సగానికి కోస్తుంది,
పదునెక్కడానికే, నొచ్చుకోకు.
ఎథిక్స్ కమిటీ ఉత్తరానికి నెలలు పడుతుంది.
ఒకే వాక్యం పదిసార్లు దిద్దమంటారు.
కాకి లెక్కలని నవ్వేవాళ్ళూ ఉంటారు.
ఈ ఊళ్ళో కాకుల కన్నా సీగల్స్ ఎక్కువ, భయపడకు.

టైమెక్కడిది సిస్టర్ అంటావు.
నిజమే, మనకి మంచినీళ్ళకే టైముండదు.
నెలకి రెండు పగళ్ళు నీ రోస్టర్లో రాయించే పూచీ నాది.
ఇవ్వకపోతే గొడవ పెట్టుకుంటా,
గొడవలకి ఈ అంతస్తులో నాకు మంచి పేరే ఉంది.

రబ్బరు వేశాక కూడా హారల్డ్ లేవొచ్చు.
ఆయన్ని లేపేది మూత కాక
లోపలి సముద్రమే అయ్యుండొచ్చు.
అదీ రాయి.
కాదని తేలడం కూడా తేలడమే.

నీ గుండె మీద వేలాడే గడియారం చూడు,
తలకిందులుగా ఉంటుంది.
ఎదురుగా నిలబడ్డవాళ్ళకి ఆరు పైనుంటుంది,
పన్నెండు కిందుంటుంది.
తల వంచి చూసే నీ ఒక్కదానికే
గంట ఎంతయిందో సరిగ్గా తెలుస్తుంది.
ఈ వార్డు రాత్రీ అంతే.

ఇదిగో ఫారం.
'ప్రధాన పరిశోధకులు' అన్న చోట
నీ పెన్ను ఆగింది.
"ఇక్కడ డాక్టర్ గారి పేరా?" అంటున్నావు.
గ్లవ్స్ పెట్టె నా చేతిలోనే ఉంది,
ఆ గీతలు ఏ డాక్టర్ గీశాడమ్మా?

మూల నుంచి ధడేలుమంది.
ఎవరో పాదం తీశారు.
హారల్డ్ దుప్పటి కదిలింది.
నువ్వు ముందు గీత గీశావు,
నూట పదిహేనోది.
ఆ తర్వాత పేరు.