అరికాలు చూసినోడు

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుల
సున్నం గీతల నడుమ కుక్కలు నడుస్తున్నయి.
నాది చిన్న పని. పశువుల దవాఖాన అటెండర్ని.
టీకా కాగితం చూసి ముద్ర గుద్దాలె,
ఎండకు ఏదన్న సొమ్మసిల్లితే నీళ్లు చల్లాలె.

మద్రాసు నుంచొచ్చిన జడ్జి
రుమాలుతో వేళ్లు తుడుచుకుంట
ఒక్కొక్క దవడ తెరిచి చూస్తున్నడు.
భుజం కాడ టేపు, తోక కాడ టేపు,
ఛాతి లోతుకు ఇంకో టేపు.
ముక్కు పని చేస్తదా అని
ఎవ్వలు అడుగలే.

నలభై రెండో నంబరు సుల్తాను,
రైసుమిల్లు వేణుమాధవరావు కుక్క.
షాంపూ వాసన నా బల్ల దాక వస్తున్నది.
కాగితంల తల్లి పేరు కాడ
రాణి అని రాసున్నది.

దాని తల్లి నాకెరుకే. దానికి పేరే లేదు.
రేగొండ అవుతల, చలివాగు ఒడ్డున,
కోసిన మడిల మంద ఆపిన రాత్రి
జివాలకు నట్టల మందు తాప పోయిన.
గొర్ల ఓదెలు ఆరు పిల్లలను
గంప కింద మూసి
మంచుల వదిలిపెట్టిండు.
"తెల్లారేటాళ్లకు ఎవడు మన్ను తోడుకొని బైటికొస్తే
వాడు నాకు."
మరి కడమయి?
"అడిగినోళ్లకు."

ఒక్కడే వచ్చిండు, మూతి నిండ బురదతోని.
ఒక చెవి వాలింది, ఎనుకకాలు జర వంకర.
ఓదెలు వాని నోరు తెరిచి
అంగిట్ల నలుపు చూసుకొని
గొంగడి కొంగుల చుట్టుకున్నడు.
బొల్లిగాడు అన్నడు.

గంప కింద ఆదమరిచి నిద్రపోయినోడు,
ఆరుగురిలో అందగాడు,
రెండు వేలకూ ఒక బస్తా తవుడుకూ
హన్మకొండ బస్సెక్కిండు.

మైకుల నలభై రెండు అన్నరు. చప్పట్లు.
కప్పు ఎంత పెద్దదంటే
దాని ఎనుక సుల్తాను చెవులే కనపడ్డయి.

అప్పుడు చూసిన, తాడు అవుతల ఓదెలు.
భుజాన గొంగడి, చంకల కట్టె,
ఒంటి నిండ గొర్రె వాసన.
సుల్తాను ముక్కు లేచింది.
చెవి అటు మళ్లింది.
మళ్లిన చెవిని రావు జేబుల బిస్కెట్ పొట్లం
గలగలమని ఇటు తిప్పుకున్నది.

ఓదెలు గొంతుక్కూసున్నడు.
పళ్లు చూడలే, ఛాతి చూడలే.
ముందుకాలు ఎత్తి
అరికాలు మీద బొటనవేలు రుద్దిండు.
"మెత్తగున్నది."
తిట్టినట్టు లేదు, మెచ్చినట్టూ లేదు.

రావు మర్యాదగనే అడిగిండు:
మీ కాడ మంచి ఆడకుక్క ఉన్నదట,
జత కడుదాం, పిల్లకు పదిహేను వేలు పలుకుతది.
ఓదెలు కాలు వదల్లే.
"రూపు తండ్రిది వస్తది పటేలా.
గుండె ఎవలిది వస్తదో
ముందుగాల ఎరుకగాదు."

బొల్లిగాడు ఏడి అని నేనే అడిగిన.
అడుగకున్నా అయిపోవు.
"శ్రావణంల ఇసుక లారీ.
మంద రోడ్డు దాటుతుంటే అడ్డంబడ్డడు.
దాన్ని సుత తోడేలనుకున్నడు, పిచ్చోడు.
జివం ఒక్కటి పోలే."

మేం ముగ్గురం కొంచెంసేపు
ఆ కాలునే చూసుకుంట ఉన్నం.
ఓదెలు వేళ్ల మీద ఉప్పు ఉన్నదో ఏమో
సుల్తాను నాకుతున్నది.
ముప్పై ఏండ్లుగ ముద్రలు గుద్దుతున్న,
ఏది జాతి అని అడిగితే
నాకైతే చెప్ప రాదు.

"ఈనికి నాలుగేండ్లు నిండినయి గదా,"
అన్నడు ఓదెలు, లెక్క తెలిసినోడే.
"మొన్న పెద్దంపేట నుంచి ఒకదాన్ని తెచ్చిన.
ఇక వాని రక్తం ఈని కాడ్నే ఉన్నది.
ఎన్నడు తోలుకొస్తవో చెప్పు.
పిల్లలు పుడితే మాత్రం, గంప నాది."

గంప ఎందుకు ఓదెలూ, అన్నడు రావు,
మంచి బుట్ట నేను కొనిస్త,
మెత్తటి పరుపుతోని.