డబ్బాలో కొండ

లావర్టన్ గోదాములో నా ఉద్యోగం చలి.
మైనస్ పద్దెనిమిది దగ్గర
బఠాణీలకీ, చేపలకీ, ఎవరిదో పెళ్ళి కేకుకీ
పదకొండేళ్ళుగా కాపలా.
అందుకే జూలై సెలవుల్లో
"మంచు చూద్దాం నాన్నా" అని తరళ అడిగితే నవ్వొచ్చింది.
రోజూ కనుబొమల మీద పెట్టుకుని
ఇంటికే తెస్తున్నాను కదమ్మా.

అయినా వెళ్ళాం.
మెల్‌బోర్న్ కళ్ళు నులుముకోకముందే
లేక్ మౌంటెన్ మలుపులెక్కాం.
చక్రాలకు గొలుసులు అద్దెకు, బూట్లు అద్దెకు,
జారుడు పళ్ళెం అద్దెకు.
చలి ఒక్కటే ఉచితం.

ఋభుకి బనీను, దాని మీద ఉన్ని,
దాని మీద గాలి చొరని నీలం కోటు.
చేతులు రెండూ గొడుగు కమ్మీల్లా పక్కలకి నిలబడిపోయాక,
జిప్పు సరిగ్గా గడ్డం దాకా లాగాక,
"నాన్నా, ఒకటికి" అన్నాడు.
తండ్రి అయిన ప్రతివాడూ
ఏదో ఒక పార్కింగులో
ఇలా ఒకసారి మోకాళ్ళ మీద కూర్చునే ఉంటాడు.

పేరులో హిమవంతుణ్ణి మోస్తున్న హైమవతి
కారు దిగలేదు.
పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని
అద్దంలోంచే మమ్మల్ని ఆశీర్వదించింది.

తరళ జారింది, దొర్లింది, మళ్ళీ ఎక్కింది.
వాడు మంచు నాకి చూసి
"ఉప్పు లేదు" అని తేల్చాడు.

సాయంత్రం, ఖాళీ అయిన పులిహోర డబ్బాలో
పిల్ల రెండు చేతులతో మంచు కూరింది.
అంచున పసుపు అంటింది.
ఎక్కడో ఒక ఆవగింజ.
"ఎందుకే?"
"సముద్రానికి చూపిస్తా. పాపం, అదెప్పుడూ చూసుండదు."

రెండు నెలలు
కొబ్బరి తురుముకీ అల్లం వెల్లుల్లికీ మధ్య
కొండ మా ఇంట్లో కాపురముంది.
కరెంటు పోయిన రాత్రి
ముందు కొవ్వొత్తి కాదు, దుప్పటి వెతికాను,
ఫ్రిజ్‌కి కప్పడానికి.

సెప్టెంబరులో టౌన్స్‌విల్ విమానం.
నా విద్యంతా ధారపోశాను:
పాత పేపర్లు, తువ్వాలు, గోదాము నుంచి తెచ్చిన ఐసు సంచులు.
తనిఖీలో ఒక పెద్దాయన మూత తెరిచి
ఇదేమిటని అడిగాడు.
"కొండ" అంది తరళ.
ఆయన మూత పెట్టాడు,
నిద్రపోతున్న పిల్ల గది తలుపు వేసినంత మెల్లగా.

పడవ దిగితే మాగ్నెటిక్ ఐలండ్.
గుండ్రాళ్ళ మీద బుల్లి వాలబీలు, కొబ్బరి చెట్లు,
బజ్జీలకి పిండి పట్టించినట్టు
పిల్లలకి నేను పూస్తున్న తెల్లటి లేపనం.
ఇక్కడ హైమవతే ముందు దిగింది,
చెప్పులు చేత్తో పట్టుకుని, పదేళ్ళ పిల్లలా.
ఋభు అల తాగి ఉమ్మేశాడు:
"ఉప్పెక్కువైంది."

తడి ఇసుక మీద తరళ డబ్బా బోర్లించింది.
పిడికెడంత మిగిలింది, పసుపు అంచుతో.
అల వచ్చింది. జానెడు దూరంలో ఆగింది.
వెనక్కి పోయింది.
"రా, రా" అని పిలిచింది పిల్ల.
సముద్రం తీరిగ్గా వచ్చేలోపు
ఎండ పని ముగించింది.

ఏడుపుకి సిద్ధంగా జేబులో బిస్కెట్ పెట్టుకున్నాను.
అక్కర్లేకపోయింది.
"దానికి సిగ్గేసినట్టుంది" అంది.
వాడు మాత్రం ఆ తడి చోట కూలబడి
"ఇక్కడ చల్లగుంది" అన్నాడు, లేవనన్నాడు.
అక్క వంతు వచ్చింది. తర్వాత నా వంతు.
చలికాలమంతా కారు దిగని మనిషి
చివర్లో వంగి అరచేయి ఆనించింది.
చాలాసేపు తీయలేదు.

సోమవారం గోదాములో
చలికోటు జేబులో చెయ్యి పెడితే ఇసుక.
ఎప్పుడు పోశారో, ఎవరు పోశారో.
మైనస్ పద్దెనిమిదిలో అన్నీ గడ్డకడతాయి,
నా మీసం కూడా.
అది మాత్రం వేళ్ళ సందున
జారుతూనే ఉంది.
బఠాణీల లెక్క తప్పింది.
మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను.