పేరున్న కాయితాలు

రుయాలో నైటు డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర.
జీవకోన మూడో సందు మొగదల్లో
చెత్తబండి ఆరుంబావుకే పాడేసి పోయుంటుంది.
సందులోకి రాదు. తిరగదంట.
పాట మాత్రం వస్తుంది,
ఇంటింటి తలుపూ తట్టుకుంటా.

వార్డులో నా చేతికి రంగులు తెలుసు.
నెత్తురంటిన దూది పసుపు సంచికి,
సెలైను గొట్టం ఎరుపుకి,
సూది తెల్లడబ్బాకి, పగిలిన మందుసీసా నీలానికి.
తెల్లారుజామున మూడింటికి
కళ్ళు మూసుకుని వెయ్యమన్నా వేస్తాను.
ఇంట్లో ఒకటే నల్లకవరు.
పదకొండు రోజులది.
ముడి మీద ముడి.

ఆఫీసోళ్ళు ఇచ్చిన పచ్చ బకెట్లో మా అత్త బియ్యం పోసింది.
నీలందాంట్లో పిల్లోడు చేపల్ని పెంచినాడు, రెండు రోజులు.

ఫోన్ చేస్తే పేరడిగారు, డోర్ నెంబరడిగారు,
తడా పొడా అనడిగారు.
పదకొండు రోజులకి పొడి కూడా తడే అయింది సార్ అన్నాను.
సాయంత్రానికి మెసేజి:
మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.
నిలబడి చదువుతుంటే కవరు
నా కాలి మీదికి సన్నగా కారింది.

కుండీ ఉండిన చోట ఇప్పుడు బోర్డుంది.
కుండీల్లేని ఊరంట మనది.
బోర్డు కింద ఎవరో ముగ్గేసినారు.
ముగ్గు తొక్కకుండా, కొంచెం పక్కకి జరిపి,
ఓపిక అయిపోయినోళ్ళ సంచులు.
ఆ రాత్రి డ్యూటీకి పోతా పోతా
నేనూ ఒకటి జారవిడిచాను.
స్కూటీ ఆపలేదు. వెనక్కి చూళ్ళేదు.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక దూదిచుట్ట కూడా ఇంటికి తేలేదు నేను.
దొంగతనమంటే ఇట్లుంటుందేమో,
లీలామహల్ దాకా వీపు మండింది.

మర్నాడు కవరు నాకంటే ముందు ఇంటికొచ్చేసింది.
గడప ముందర కూచోనుంది, ముడి విప్పుకుని.
పక్కన చీపురుకట్టతో దేశమ్మ,
రశీదు బుక్కుతో శానిటరీ మేస్త్రీ.
"కె. అముదవల్లి అంటే మీరేనా?"
పాల ప్యాకెట్ల నడుమ నుంచి రెండేళ్ళతో
నా షుగరు రిపోర్టు తీసి చదివాడు,
సందంతా వినేట్టు.
తినకముందు నూట తొంభై.
తిన్నాక మూడొందల పది.
ఎదురింటి సులోచన అయ్యో అనింది.
మైసూరుపాకు అట్టపెట్టె కూడా అందులోనే ఉండాది.
అత్త ఇంకేమీ చూడ్డం లేదు,
దాన్నే చూస్తా ఉంది.

రెండొందలు కట్టాను.
మేస్త్రీ బండెక్కి పోయినాక
దేశమ్మ కవరుకి మళ్ళీ ముడేసింది, మెల్లిగా.
"మీ సందు నాదే మేడం.
తోపుడుబండికి చక్రం ఊడిపొయ్యింది.
రాసిచ్చినాం. మూణ్ణెల్లయింది,
జీతమూ అంతే."
నాలుగడుగులు పొయ్యి మళ్ళీ వచ్చింది.
"పేరున్న కాయితాలు చించెయ్యాల మేడం.
అందరూ చించుతారు."

ఇప్పుడు డ్యూటీకి ముందు అదొక పని.
కరెంటు బిల్లు, గ్యాసు స్లిప్పు,
పిల్లోడి మార్కుల జిరాక్సు,
పెళ్ళిపత్రిక మీద మా ఇంటిపేరు రాసిన మూల,
అన్నీ గోరంత ముక్కలు చేస్తాను.
మైసూరుపాకు పెట్టె సంగతి వేరే.
అది హాస్పిటల్లోనే తినేసి వస్తున్నా.

చక్రం ఇంకా రాలేదు.
ఆరుంబావుకి పాట వస్తా ఉంది.